ముందుమాట: తోకతో మొదలయ్యే చదువు

పాలిటెక్నిక్‌లో నా దగ్గర షీట్‌మెటల్ పని నేర్చుకున్న విద్యార్థి ఇంటి గ్యారేజీలో విమానం కట్టి, ఆ పనినంతా తెలుగులో పుస్తకంగా రాసి, ముందుమాట అడిగాడు. గురువుకు ఇంతకన్నా దక్షిణ ఏం కావాలి? ఇతను అమెరికాలోని ఒరెగాన్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఇద్దరు పక్కపక్కన కూర్చునే ఆర్‌వి-7ను పూర్తిచేశాడు. ఆ కిట్లు తయారుచేసే వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థదీ ఆ రాష్ట్రమే.

అక్కడి నిబంధనల ప్రకారం ఇలాంటి విమానంలో సగానికి మించిన పని, కేవలం తమ చదువు కోసమో వినోదం కోసమో పూనుకున్నవాళ్లే చేసి ఉండాలి. ఆ చదువు ఎలా సాగుతుందో మొదటి రేకు నుంచి చెప్పడమే ఈ పుస్తకం గొప్పతనం.

ఆర్‌వి కట్టేవాళ్లు ఆనవాయితీగా తోకతో మొదలుపెడతారు. భాగాలు చిన్నవి, ఖర్చు తక్కువ, చెడితే మళ్లీ తెప్పించుకోవచ్చు. రెక్కల్లోనూ బాడీలోనూ రాబోయే పని చాలావరకు అక్కడే చేతికి వస్తుంది. అల్యూమినియం రేకులను క్లెకోలతో తాత్కాలికంగా బిగించడం, రంధ్రాలు సరిచేయడం, విడదీసి అంచులు నునుపు చేయడం, ప్రైమర్ పూయడం, మళ్లీ కలిపి రివెట్లు కొట్టడం... ఇతను ఏదీ వదల్లేదు. అంచు గరుకుగా మిగిలితే పగులు అక్కడి నుంచే పుడుతుందని కారణమూ చెప్పాడు. భార్య లోపలి నుంచి బకింగ్ బార్ ఆనించి పట్టుకుంటే ఇతను బయటి నుంచి రివెట్ గన్ కొట్టాడు. ఇద్దరిలో ఎవరి చెయ్యి జరిగినా రివెట్ వంకరపోతుంది. దాన్ని డ్రిల్లుతో తీసేటప్పుడు రంధ్రం పెద్దదైతే, మొదటి తప్పు కన్నా దిద్దుబాటే ఎక్కువ చేటు చేస్తుంది. ఏది తీయాలో, ఏది ఉంచాలో కొలిచి తేల్చుకునే పద్ధతి రాసిన పుటలను నేను మళ్లీ మళ్లీ చదివాను.

చరిత్ర ప్రకరణంలో ఫ్రాన్స్‌కు చెందిన ఆన్రీ మిన్యే కనిపిస్తాడు. 1930లలో ఆయన పుస్తకం చదివి ఎందరో సామాన్యులు ‘పూ దు సియెల్’ అనే చిన్న విమానాన్ని సొంతంగా కట్టుకున్నారు. కొందరు ప్రమాదాల్లో ప్రాణాలు కోల్పోయారు. ఫ్రాన్స్, బ్రిటన్‌లలో అసలు విమానాన్నే విండ్ టన్నెల్‌లో పెట్టి పరీక్షించాక కారణం తెలిసింది. ముక్కు ఒక హద్దు దాటి కిందికి వంగితే, ముందురెక్క వెనకరెక్కల మధ్య గాలి తీరు వల్ల మళ్లీ పైకి లేపడం సాధ్యం కాదు. కట్టినవాడి పనితనం ఎంత బాగున్నా డిజైన్‌లోని లోపాన్ని అది కప్పలేదు. మిన్యే సాహసాన్ని గౌరవిస్తూనే ఈ సంగతి దాచకుండా రాసినందుకు ఇతన్ని మెచ్చుకుంటున్నాను.

1953లో పాల్ పోబెరెజ్నీ విస్కాన్సిన్‌లో స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ తరఫున అనుభవజ్ఞులైన స్వచ్ఛంద సలహాదారులు గ్యారేజీకే వచ్చి పని చూసిపెడతారు. వాళ్లు ఎత్తిచూపిన ప్రతి లోపమూ, దాన్ని సరిదిద్దిన తీరూ ఈ పుస్తకంలో ఉన్నాయి. ఆ తర్వాత అధికారిక తనిఖీ, ఆపైన ప్రయాణికులను ఎక్కించుకోకుండా, కేటాయించిన ప్రాంతంలోనే గంటల కొద్దీ పరీక్షగా నడపడం.

విమానం కట్టే వీలు అందరికీ ఉండదు. కానీ తన పనిని ఇతరుల కళ్లకు చూపించి, వాళ్లు తప్పన్నదాన్ని విప్పి మళ్లీ చేసే ఓర్పు లేత్ ముందు నిలబడే కుర్రవాడికీ, బస్సు డిపో మెకానిక్‌కూ కావలసిందే. అందుకే ఈ పుస్తకం మన పాలిటెక్నిక్, ఐటీఐ గ్రంథాలయాలన్నిటికీ చేరాలి. ఉపాధ్యాయులు దీన్ని తరగతిలో చదివించాలి. రచయితకూ, బకింగ్ బార్ పట్టిన అతని ఇల్లాలికీ నా ఆశీస్సులు.