కృష్ణ మీద ఫైబర్ పుట్టి

మక్తల్ వైపు పంచదేవ్‌పహాడ్ నుంచి కృష్ణ దాటి కురువపురం దత్తక్షేత్రానికి పోయేవాళ్లకు పుట్టి ప్రయాణం కొత్త కాదు. అటు పాలమూరు, ఇటు నల్లగొండ అంచున కృష్ణమ్మ చాలాచోట్ల బండల మీదుగానే పారుతుంది. మామూలు పడవ ఆ రాళ్లకు తగిలి ఆగిపోతుంది. పుట్టికి ముందూ వెనకా లేవు. అడుగు చదును, అంచు గుండ్రం. మోకాలి లోతు నీళ్లున్నా తేలుతుంది.

1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర మీద ఇలాంటి బుట్టపడవలను చూసి రాశాడు. లోపల బెత్తం అల్లిక, బయట తోలు, పదిహేను ఇరవై మంది ఎక్కేవాళ్లట. ఆ తుంగభద్రే అలంపురం దాటాక కృష్ణలో కలుస్తుంది. తర్వాత తోలు పోయి, వెదురు బుట్టకు తారు పూసిన సంచులు వచ్చాయి. ఇప్పుడు ఫైబర్, అంటే రెసిన్‌తో అతికిన గాజునార, వచ్చింది. 1953లో అమెరికాలో షెవర్లే వాళ్లు కార్వెట్ కారు బాడీని చేసింది ఈ గాజునారతోనే. కారుకు టాపు పోసినా, నదికి పుట్టి పోసినా చేతిపని ఒక్కటే.

ముందు అచ్చు కావాలి. అచ్చులో ఉన్న గీత వస్తువు మీద కనిపిస్తుంది, అందుకే అచ్చు నున్నగా చేయడానికే ఎక్కువ రోజులు పోతాయి. దానికి మైనం పట్టించి, పై పొరగా జెల్‌కోటు పూసి, అది బంకగా మారాక గాజునార మ్యాట్ పరిచి రెసిన్‌తో తడుపుతారు. రోలర్‌తో గాలి బుడగలన్నీ బయటికి తోయాలి. ఒక్క బుడగ మిగిలినా అక్కడే పొర విడిపోతుంది, నీరు దూరుతుంది. అడుగుకూ అంచుకూ అదనపు పొరలు వేయాలి. రాయి తగిలేది అడుగుకు, మనుషులు పట్టుకునేది అంచును.

కిలో రెసిన్‌కు, అది గట్టిపడటానికి కలిపే హార్డెనర్ పది నుంచి ఇరవై గ్రాములు. నల్లగొండ మే నెల ఎండలో మ్యాట్ పరిచేలోపే రెసిన్ గట్టిపడుతుంది, కాబట్టి తెల్లవారుజామున, నీడలో, తక్కువ హార్డెనర్‌తో చేయాలి. గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్‌ను ముందు రెసిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే మంటలు లేస్తాయి, పేలుతుంది. మాస్కు లేకుండా రెసిన్ ఘాటు పీల్చకూడదు. గట్టిపడ్డాక రుద్దేటప్పుడు లేచే గాజు పొడి కూడా పీల్చకూడదు.

ఫైబర్ కుళ్లదు, చెద పట్టదు, ఏటేటా తారు అడగదు. ఇన్ని మంచి గుణాలున్నా వెదురుకున్న ఒక గుణం దీనికి లేదు. బండ తగిలితే వెదురు అల్లిక వంగి, మళ్లీ లేస్తుంది. ఫైబర్ అంతగా వంగదు. దెబ్బ తిన్నచోట తెల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చను చూసి వదిలేయకూడదు. దాని కింది పగులు కన్నా వెడల్పుగా గీకి, ఆరబెట్టి, కొత్త మ్యాట్ వేయాలి.

అడుగు ఎంత చదునుండాలి, అంచు ఎంత లేవాలి, నలుగురు ఒకవైపు ఒరిగినా ఎలా నిలబడాలి అనేది రెసిన్ డబ్బా మీద రాసి ఉండదు. అది పుట్టి అల్లినవాళ్ల చేతి లెక్క. మీ రేవులో పాత వెదురు పుట్టి ఉంటే దాన్ని పొయ్యిలో పెట్టకండి. అల్లిన పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ముందు దాని మీద ఒక అచ్చు తీసి పెట్టుకోండి.