రోల్ రైడా దారి, మన పోరల దారి

వనస్థలిపురంలో, బి.ఎన్. రెడ్డి నగర్‌లో, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ ఉన్న అద్దె గదుల్లో మన పిల్లలు చాలామంది ఉంటారు. సాగర్ రోడ్డు మీదుగా దేవరకొండ తండాల వాళ్లు, విజయవాడ రోడ్డు మీదుగా సూర్యాపేట వైపు వాళ్లు ముందుగా దిగేది ఎల్బీనగర్ చుట్టుపక్కలే కదా. గ్రూప్స్‌కో కానిస్టేబుల్ ఉద్యోగానికో చదువుతామని ఇంట్లో చెప్పి వచ్చినవాళ్లు. ఆ గదులకు పోయినప్పుడల్లా మాకు ఒకటే కనబడుతోంది. ఫోన్‌లో బీటు మోగుతుంటుంది, జనరల్ స్టడీస్ నోట్సు వెనక పేజీల్లో ర్యాప్ రాసి ఉంటుంది. ఎవరిలా కావాలని ఉందిరా అంటే ఎక్కువసార్లు వినబడే పేరు రోల్ రైడా.

రోల్ రైడా ఆదివాసి కాదు, హైదరాబాద్ పోరడు. అయినా ఆయన నడిచిన దారిని మనం తేలికగా తీసిపారేయలేం. తెలుగులో పాట అంటే సినిమా పాటే అనుకునే చోట, సొంతంగా ర్యాప్ పాటలు చేసి యూట్యూబ్‌లో పెట్టి జనాన్ని సంపాదించుకున్నాడు. 2018లో బిగ్‌బాస్ రెండో సీజన్‌కు పోయాడు. దాంతో ర్యాప్ అనే మాట ఎన్నడూ వినని ఇండ్లల్లో కూడా ఆయన పేరు తెలిసింది. సినిమాల్లో అవకాశాలూ వచ్చాయి. మన పిల్లలు చూస్తున్నది ఈ చివరి మెట్టునే. మేము మొదటి మెట్టు దగ్గర ఆగి చూడమంటున్నాం.

ఆయన పాటల్లో మాకు బాగా నచ్చింది 'పతంగ్'. అది సంక్రాంతికి హైదరాబాద్ డాబాల మీద ఎగిరే పతంగుల పాట. పెద్ద సందేశమేమీ లేదు. కానీ ఆ సంబురం చిన్నప్పటి నుంచి ఎరిగినవాడి నోటి నుంచి వస్తుంది, మాట ఎక్కడా తడబడదు. 'నాగలి' అట్లా కాదు. రైతు గోస చెప్పాలన్న మనసు మంచిదే, కానీ ఆ బాధ చేను గట్టు మీద నిలబడి చూసినట్టుగా మాకనిపించింది. ఆడవాళ్ల మీద జరిగే హింసపై చేసిన 'అరుపు'లో కూడా కోపం ఉంది గానీ, ఆ బాధపడ్డ మనిషి గొంతు అంతగా వినబడదు. పతంగ్ దారం ఆయన చేతిలో ఉంది, నాగలి మేడి లేదు. ర్యాప్‌లో ఈ తేడా దాగదు, ఎందుకంటే అందులో రాగం కప్పిపుచ్చేది తక్కువ. మాట ఒక్కటే నిలబడాలి.

మరి మన పోరల నోట్‌బుక్కుల్లో ఏముంది? కార్లు, గొలుసులు, తనను చూసి ఏడ్చే శత్రువులు. ఇరవై ఏండ్ల పిల్లగాడికి అంతమంది శత్రువులు ఎక్కడి నుంచి వచ్చారో మాకు తెలియదు. గది కిరాయి, రద్దయిన పరీక్ష, పోడు పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన తండ్రి, వాడికి నిజంగా ఉన్నవి ఇవి. ఇవేవీ పాటలో లేవు. గోర్ బోలి లేదు, కోయ లేదు, గోండి లేదు. అడిగితే, 'మన భాషలో చేస్తే ఎవరు వింటరన్నా' అంటారు.

వింటారు. 2020 లాక్‌డౌన్‌లో ఒడిశా కలహండికి చెందిన దూళేశ్వర్ తండి వలసకూలీల నడక మీద కోసలిలో, హిందీలో ర్యాప్ చేశాడు. తానూ కూలికి పోయినవాడే. దేశమంతా విన్నది. మన అరకుకు ఆనుకునే ఉన్న కోరాపుట్ జిల్లా నుంచి వచ్చిన సుమీత్ సామోస్ ర్యాప్ చేస్తూనే ఢిల్లీ జెఎన్‌యూలో, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. ఈ ఇద్దరూ దళితులు. మహారాష్ట్రలో మహాదేవ్ కోలి ఆదివాసి అమ్మాయి మహి జి అడవి గురించి, ఆదివాసుల గురించి ర్యాప్ చేస్తోంది. మేము చూసిన గదుల్లో ర్యాప్ రాసే ఆడపిల్ల ఒక్కతీ కనబడలేదని ఇక్కడే ఒప్పుకోవాలి.

మన పెద్దల్లో కొందరు ర్యాప్ మనదేనంటారు, ప్రధాన్లు కిక్రి వాయిస్తూ కథ చెప్పడం అదే కదా అంటారు. మేము ఒప్పుకోం. ర్యాప్ 1970లలో న్యూయార్క్ బ్రాంక్స్ వాడల్లో నల్లజాతి, లాటినో పేద పిల్లల మధ్య పుట్టింది. ఎవరి సొమ్మును వాళ్లదిగా చెప్పడం మనకు బాగా తెలియాలి, మన పాటలు ఎన్నిసార్లు ఊరూపేరూ లేకుండా పోయాయో చూశాం కాబట్టి. కానీ నేర్చుకోవడానికి మన దగ్గరా గురువులున్నారు. 2022లో పద్మశ్రీ అందుకున్న కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య 2024లో చనిపోయారు. డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మల చరిత్ర చెప్పేవారు. ఊపిరి ఎక్కడ తీయాలి, పేరును ఎక్కడ గట్టిగా పలకాలి, దెబ్బకూ మాటకూ ఎంత ఎడం ఉండాలి, ఇవన్నీ ఆ వీడియోలు చూసి నేర్చుకోవచ్చు.

ఇక పేరూ పైసల సంగతి. తమిళ ర్యాపర్ అరివు తేయాకు తోటల్లో పనిచేసిన తన అవ్వ బతుకును తలుచుకుని రాసి, ధీతో కలిసి పాడిన 'ఎంజాయ్ ఎంజామి' 2021లో కోట్లమంది విన్నారు. అదే ఏడు ఒక పత్రిక ముఖచిత్రం మీద ఆ పాట పాడిన ధీ ఉంది, అరివు లేడు. దాని మీద పెద్ద గొడవ జరిగింది. 2024లో ఆ పాట సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ తమకెవరికీ ఆ పాట మీద పైసా రాలేదని బాహాటంగా చెప్పారు. కోట్లమంది విన్న పాట గతే ఇట్లుంటే, మన పిల్లలు సంతకం పెట్టే కాగితం చదవకుండా ఎట్లా? 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమాలోనో ఆల్బమ్‌లోనో వాడిన పాటకు రాసినవారికి, స్వరపరిచినవారికి రాయల్టీలో వాటా హక్కు ఉంది, దాన్ని కంపెనీకి రాసివ్వమన్నా చెల్లదు. యూట్యూబ్ ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. అంత దూరం పోయాక, 'ఫ్రీ' అని దించుకున్న బీటు యజమాని హక్కు అడిగితే ఆ పైసలు ఆయనకే పోతాయి. అందుకే మన డోలునో నగారానో ఫోన్‌లో రికార్డు చేసి బీటు కట్టుకోమని చెబుతున్నాం. ఖర్చు లేదు, ఎవరికీ బాకీ లేదు.

టీచర్లకు ఒక మాట. ఆశ్రమ పాఠశాలల వార్షికోత్సవాల్లో సినిమా పాటకు డాన్సు కట్టిస్తున్నారు. బెంచీ మీద దరువు వేసిన పిల్లవాడిని మాత్రం బయట నిలబెడుతున్నారు. మాలో ఇద్దరు ముగ్గురం అట్లా నిలబడ్డవాళ్లమే. ఆ పిల్లవాడికి ఒక పీరియడ్ ఇచ్చి, మీ ఊరి సంగతి నాలుగు వరసల్లో మీ భాషలో చెప్పమనండి.

పోయిన నెల వనస్థలిపురం గదిలో ఒక పిల్లగాడు గోర్ బోలిలో ఎనిమిది వరసలు రాశాడు. ఫోన్‌లో యాడికి వినిపించాడు. ఆమె మొత్తం విని, మూడో వరసలో నువ్వన్న మాట మన తండాలో అనం, పక్క తండా వాళ్లంటారని చెప్పింది. వాడిప్పుడు ఆ వరస మళ్లీ రాస్తున్నాడు.