పక్కింటితో సరిపెట్టని సర్వే

ఫీనిక్స్ బే జెట్టీలో నిలబడి, పడవ దిగినవాళ్లందరికీ బీపీ చూస్తే అండమాన్ ఆరోగ్యం తెలిసిపోతుందనిపిస్తుంది. హావ్‌లాక్, నీల్ దీవుల పడవలు అక్కడికి వస్తాయి. బెంగాలీ, తమిళం, మన తెలుగు అన్నీ వినబడతాయి. కానీ ఆ లెక్క చెల్లదు. దిగినవాళ్లలో జి.బి. పంత్ ఆసుపత్రికి వచ్చిన రోగులుంటారు, సెలవుకొచ్చిన యాత్రికులుంటారు. మంచం దిగలేని ముసలమ్మ మాత్రం ఉండదు.

2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ చిక్కు విప్పిన తీరు ముచ్చటగా ఉంటుంది. మొదట 2011 జనగణన బ్లాకుల జాబితా తీసుకున్నారు. పట్టణాల్లో వాటిని ఎస్సీ, ఎస్టీల శాతాన్ని బట్టి వరుసలో పేర్చి, పెద్ద బ్లాకుకు ఎక్కువ అవకాశం దక్కేలా కొన్నిటిని ఎంచారు. ఎంచిన చోట వీధి వీధీ తిరిగి పటం గీసి, ఇళ్ల జాబితా కొత్తగా రాసుకున్నారు. అందులోంచి 22 ఇళ్లు. పెద్ద బ్లాకైనా, చిన్నదైనా అంతే. పనితనమంతా ఇక్కడుంది: పెద్ద బ్లాకు ఎంపికయ్యే అవకాశం ఎక్కువ, అందులో ఒక్కో ఇంటికి వంతు వచ్చే అవకాశం తక్కువ. రెండూ హెచ్చవేస్తే ఒక జిల్లా పట్టణాల్లో ఏ ఇంటికైనా దాదాపు ఒకే పాలు.

బ్లాకులో 132 ఇళ్లుంటే ఆరింటికొకటి. మొదట నాలుగోది తగిలితే తర్వాత పది, పదహారు. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టే ఇంటిని ఏరుకునే వీలు సర్వే అమ్మాయికి లేదు. తాళం కనబడితే మళ్లీ రావాలి, పక్కింటితో సరిపెట్టకూడదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ నియమమే. వేటకెళ్లినవాడికి బదులు ఇంటిపట్టున ఉన్నవాణ్ని అడిగితే ఫారాలు నిండుతాయి, సముద్రం మీదున్నవాడు లెక్కలోంచి జారిపోతాడు. దేశం మొత్తమ్మీద స్త్రీలలో 97 శాతం, పురుషుల్లో 92 శాతం జవాబిచ్చారు. ఆ తక్కువను కప్పిపుచ్చకుండా అచ్చువేశారు.

జిల్లాల మధ్య మాత్రం ఈ సమానత్వం కుదరదు. 2011లో నికోబార్ జిల్లా జనం సుమారు 37 వేలు, దక్షిణ అండమాన్‌లో 2.38 లక్షలు. జిల్లాకో ఫలితం కావాలంటే నికోబార్‌లో దామాషాకు మించి ఇళ్లు తట్టాలి. దీవులన్నీ కలిపేటప్పుడు ఆ ఇళ్ల తూకం తగ్గించాలి.

లోటు లేదనను. బ్యారక్‌లు, హాస్టళ్లు, ఓడల్లోనే బతికే సిబ్బంది ఈ ఇళ్ల జాబితాలోకి రారు. పాత జాబితా వల్ల పల్లెల వాటా పెరిగిపోతోందని ఆర్థికవేత్త షమికా రవి 2023లో వాదించారు. ఎంచిన బ్లాకులో ఇళ్లు కొత్తగా రాసుకోవడంతో ఆ పాతదనం కొంత విరుగుతుంది. అయితే 2011లో పల్లె అని రాసిన చోటు ఈలోగా పట్నమైపోయినా, ఎంపిక నాటికి పల్లె కిందే లెక్క.