చివరి ఇరవై గజాలు

2024 నవంబర్ 30, శనివారం రాత్రి పదిన్నర. హైదరాబాద్‌లో ఇంట్లో అందరూ పడుకున్నాక, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒహాయో స్టేట్, మిషిగన్ యూనివర్సిటీల ఫుట్‌బాల్ ఆట చూస్తూ కూర్చున్నాను. నేను ఎమ్మెస్ చేసింది కొలంబస్‌లో. ఈ ఆట వచ్చే వారం అక్కడి క్యాంపస్‌లో బోర్డుల మీద 'ఎం' అక్షరం కనబడితే చాలు, ఎర్ర టేపుతో కొట్టేస్తారు. పగ అంటే అదీ. ఆరు గెలిచి ఐదు ఓడి వచ్చిన మిషిగన్ చేతిలో మావాళ్లు సొంత మైదానంలో 13-10తో ఓడిపోయారు. మా కిక్కర్ రెండు ఫీల్డ్ గోల్స్ తప్పాడు.

నిద్ర పట్టలేదు. షెల్ఫ్‌లోంచి మైకేల్ లూయిస్ 'ది బ్లైండ్ సైడ్' (2006) తీశాను. కొలంబస్‌లో ఉన్నప్పుడు చదివి ఏడ్చిన పుస్తకం. ఈసారి ఏడుపు రాలేదు, చిరాకేసింది. ఎందుకో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

ఇందులో రెండు కథలున్నాయి. మొదటిది ఆటలో ఒక స్థానం కథ. కుడిచేతివాటం క్వార్టర్‌బ్యాక్ బంతి విసరబోతే ఎడమ వైపు నుంచి వచ్చేవాడు కనబడడు. 1985లో లారెన్స్ టేలర్ మీదపడి జో థీస్‌మన్ కాలు విరగ్గొట్టిన క్షణంతో పుస్తకం మొదలవుతుంది. ఆ వైపు కాపలా కాసే లెఫ్ట్ టాకిల్‌కి ధర ఎలా పెరిగిందో లూయిస్ చెబుతుంటే, ఇంజనీరు బుర్రకి పండగే. రెండోది మైకేల్ ఓర్ కథ. మెంఫిస్‌లోని నిరుపేద నల్లజాతి కుర్రాడు. ట్యూయీలనే సంపన్న తెల్ల కుటుంబం చేరదీస్తుంది. పెద్ద పెద్ద కోచ్‌లు ఇంటికి క్యూ కడతారు. చివరికి అతను ట్యూయీ దంపతులు చదువుకున్న 'ఓల్ మిస్'లోనే, అంటే మిసిసిపీ యూనివర్సిటీలోనే చేరతాడు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో గోల్ లైనుకి చివరి ఇరవై గజాలను రెడ్ జోన్ అంటారు. మైదానం మధ్యలో ఉన్నంతసేపూ డిఫెన్స్ వెనకాల చాలా జాగా కాపు కాయాలి, కాబట్టి మనకి సందు దొరుకుతుంది. లైను దగ్గరపడేకొద్దీ వాళ్ల వెనకాల జాగా ఉండదు. అందరూ ముందుకొచ్చి గోడ కడతారు. ఎనభై గజాలు ఊడ్చుకుంటూ వచ్చిన జట్టు అక్కడ ఆగిపోయి, టచ్‌డౌన్ ఆరు పాయింట్లు వదిలేసి, కిక్ కొట్టి మూడుతో సరిపెట్టుకుంటుంది.

లూయిస్ పుస్తకానిదీ అదే జబ్బు. చరిత్ర, డబ్బు, హాస్యం, అన్నిట్లోనూ పరుగే పరుగు. కానీ కథ వెళ్లి ఆగాల్సింది ఒకే ప్రశ్న దగ్గర: ఈ కాలేజీని ఆ పిల్లాడే ఎంచుకున్నాడా, అతని తరఫున ఇంకెవరైనా ఎంచారా? కాలేజీ క్రీడల సంఘం పంపిన పరిశోధకురాలు ఇంటికొచ్చి కూర్చున్నది సరిగ్గా ఈ సంగతి తేల్చడానికే. లూయిస్ ఆ సన్నివేశంతో మనల్ని నవ్విస్తాడు. నవ్వించి, మూడు పాయింట్లు తీసుకుని వెళ్లిపోతాడు. షాన్ ట్యూయీ, లూయిస్ చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నారు. ఆ స్నేహం అడ్డొచ్చిందా అని అనుమానం రాకుండా ఉండదు.

2009 సినిమా ఇంకా దారుణం. టెనెసీ మైదానం కింద శవాలున్నాయని ట్యూషన్ టీచరమ్మ అతన్ని భయపెడుతుంది. ఆవిడా ఓల్ మిస్ మనిషే. హాల్లో అందరం నవ్వాం. కాలేజీల పగని అడ్డుపెట్టుకుని ఒక కుర్రాడి నిర్ణయాన్ని పెద్దవాళ్లు తిప్పేస్తున్నారని నాకప్పుడు తట్టలేదు.

2023 ఆగస్టులో ఓర్ కోర్టుకెళ్లాడు. తనని ఎప్పుడూ దత్తత తీసుకోలేదని, దత్తతలాంటిదేనని నమ్మి పద్దెనిమిదేళ్లప్పుడు సంతకం పెట్టిన కాగితం నిజానికి తన తరఫున ఒప్పందాలు చేసుకునే హక్కుని వాళ్లకిచ్చిందని అతని వాదన. డబ్బు విషయంలో ఆరోపణలను కుటుంబం ఖండించింది. సెప్టెంబర్‌లో న్యాయమూర్తి ఆ ఏర్పాటుని రద్దు చేశారు.

పదిహేడేళ్ల తర్వాత జరిగినదాన్ని పట్టుకుని పుస్తకాన్ని తప్పుపట్టడం అన్యాయం కదా అనొచ్చు. నేను అడిగేది జోస్యం కాదు. ప్రశ్న అతని పేజీల్లోనే ఉంది, దాన్ని పట్టుకుని ఇంకాసేపు కూర్చోమంటున్నాను.

నా టెన్త్ మార్కులు వచ్చిన వారానికి ఒక జూనియర్ కాలేజీ మనిషి మా ఇంటికొచ్చాడు. ఫీజు లేదు, హాస్టల్ ఉచితం. నాన్న, మావయ్య, ఆయన గంటసేపు మాట్లాడుకున్నారు. నేను కాఫీలు అందించాను. రెండేళ్ల తర్వాత నా ఫొటో హోర్డింగ్ ఎక్కింది. నాకు మంచే జరిగింది, కాదనను. ఆ గంటలో నన్నెవరూ ఏమీ అడగలేదన్నది కూడా నిజమే. మొదటిసారి ఈ పుస్తకానికి ఎందుకు ఏడ్చానో ఇప్పుడు అర్థమవుతోంది. మంచి జరిగితే చాలు, ఇంకేమీ అడక్కూడదని నేనూ నమ్మాను.

'ది బ్లైండ్ సైడ్' చదవొద్దనను. లెఫ్ట్ టాకిల్ అధ్యాయాలు మళ్లీ చదువుతాను కూడా. కాకపోతే దాని పక్కనే ఓర్ 2011లో రాసుకున్న 'ఐ బీట్ ది ఆడ్స్' పెట్టుకోండి. తనకి ఆట ఎవరో నేర్పినట్టు సినిమా చూపించడం నచ్చలేదని అందులో చెప్పుకున్నాడు. లూయిస్ అంత బాగా రాయడు. కానీ మాట్లాడేది అతనే.