జయంతి పని ఎవరికి గుర్తుంది?

యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ నవలని ఈమధ్య ఖబూరాలో మళ్ళీ చదివాను. జయంతి ఆత్మాభిమానాన్ని మెచ్చుకోని పాఠకురాలు ఉండదు. 1960ల్లో ఉద్యోగానికి గడప దాటిన మధ్యతరగతి ఆడపిల్లకి అది చిన్న ధైర్యం కాదు. కానీ పుస్తకం మూశాక రాజశేఖరంతో ఆమె పంతాలే గుర్తుంటాయి. ఆఫీసులో ఆమె ఎంత సమర్థురాలో గుర్తుండదు. ఉద్యోగం చివరికి పెళ్ళిపీటలకి దారి అయింది. 1976లో వచ్చిన సినిమాలో అక్కినేని, వాణిశ్రీల జంటనే చూశాం గానీ, యజమాని-ఉద్యోగిని చూశామా?

జీతమిచ్చేవాడే మనసూ ఇస్తానంటే, వద్దన్న పిల్లకి మర్నాడు ఉద్యోగం ఉంటుందా? ఈ ప్రశ్నని నవల రాజశేఖరం మంచితనంతో దాటేస్తుంది. అదే చనువు ఏ బట్టతల మేనేజరో చూపిస్తే ప్రేమ అంటామా? 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలైనా, 2013 నాటి చట్టమైనా చూసేది మగవాడి అందాన్ని కాదు, అవతలి మనిషికి ఇష్టమా కాదా అన్నదాన్ని.

దీనికి రెండో వైపు మన శుక్రవారం విందుల్లో వినబడుతుంది. ఓ అమ్మాయి టీమ్ లీడ్ అయితే “ఎలా అయిందో తెలీదా” అని ఓ నవ్వు. ఆ నవ్వేవాళ్ళెవరూ ఆమె రాసిన కోడ్ చూసి ఉండరు. అందగాడికి ప్రమోషన్ వస్తే మాత్రం “మంచి పర్సనాలిటీ” అంటాం!

సులోచనారాణి గారు 2018లో కుపర్టినోలో, సాఫ్ట్‌వేర్ ఆఫీసుల నడుమ కన్నుమూశారు. అక్కడి మన అమ్మాయిల అప్రైజల్ గది మీద ఆవిడ నవల రాసి ఉంటే, ముందు నేనే కొనేవాణ్ణి.