అతుకు వేయనన్న పనివాడు

ఈ వారము నాకు కోపము తెప్పించిన మనుష్యుడు రఘునాథపల్లి రహదారి ప్రక్కన, రేకుల పందిరి క్రింద, వెల్డింగు పని చేసికొని బ్రదుకుచున్న ఒక పనివాడు. నాగలి మొదలు ట్రాక్టరు ట్రాలీ కొక్కెము వరకును అతని చేత అతుకుపడని వస్తువు ఈ చుట్టుపట్ల లేదని ప్రసిద్ధి. ఆ ప్రసిద్ధిని నమ్మి, అంచు నుండి నడిమి దాక పగులు పాకిన మా యింటి పోత ఇనుప పెంకను సంచిలో వేసికొనిపోయి అతని ముందుంచితిని. అతడు దానిని వెలుతురులో ఒకమారు త్రిప్పి చూచి, సుత్తి పిడితో మెల్లగా తట్టి, ఆ బొంగురు చప్పుడు విని, మరల నా చేతికే ఇచ్చివేసెను. "అతుకుడు పెద్ద పని గాదు సార్. నాకు పైసలు గూడ వస్తయి. గని రొట్టెకు పెట్టినంక పక్కకెల్లి మల్ల పల్గుతది. అప్పుడు మీరు నన్నే తిడ్తరు" అని అతడు తన పనిలోనికి తిరిగెను.

చిరకాలముగా ఈ శీర్షికను చదువుచున్నవారికి నా వెఱ్ఱి తెలియనిది కాదు. తెగిన చెప్పును కుట్టించుకొనక పారవేయువానిని, కమ్మి విరిగెనని కొత్త గొడుగు కొనువానిని, కొలది యేండ్లకే పూత లేచిపోవు నాన్‌స్టిక్ పెనమును పెండ్లిలో చదివించువానిని నేనిక్కడ ఎన్నిమారులు నిందించితినో లెక్క లేదు. అల్యూమినియపు గిన్నెలపై నేను సాగించిన యుద్ధమునకు సంపాదకులే విసిగి, చివరకు సంధి చేయించిరి. బాగుచేయుటకు వీలులేని వస్తువు లోకమున లేదనియు, బాగుచేయుటకు ఓపిక లేని మనుష్యులే కలరనియు నా సిద్ధాంతము. ఇది పుస్తకముల నుండి వచ్చినది కాదు. జనగామకు ఆవల నున్న పెంబర్తి కాకతీయుల కాలము నుండి ఇత్తడి రేకుపై నగిషీ చెక్కుచున్న ఊరు. ఇత్తడి యెంత దయగల లోహమో అక్కడ చూడవలెను. సొట్టపోయిన బిందెను లోపలి నుండి కొట్టి సరిచేయవచ్చును. చిల్లి పడినచో మాటు వేయవచ్చును. కళాయి పోయినచో మరల పూయించవచ్చును. అట్టి లోహము నడుమ పెరిగినవానికి, ఇనుమునకు మాటు పనికిరాదను మాట వేదనిందగా తోచుటలో వింత యేమున్నది?

పెంక పగిలిన కథ క్లుప్తము. సెలవులకు వచ్చిన బంధువుల పిల్లవాడొకడు, రొట్టెలు కాల్చి దింపిన పెంకపై ఇంకను పొగ లేచుచుండగనే చెంబెడు చన్నీళ్ళు గ్రుమ్మరించెను. టప్పుమని ఒక్క చప్పుడు, అంతే. పిల్లవాని తప్పు స్వల్పము. పోత పెంకలను అమ్మమ్మల నాటి సామగ్రి యని ప్రకటనలలో పొగడి అమ్మువారి తప్పు అంతకంటె ఎక్కువ. నేనెరిగిన అమ్మమ్మల పెంకలు కమ్మరి కొలిమిలో కాల్చి సుత్తితో సాగగొట్టినవి. ఆ ఇనుములో బొగ్గు పాలు అత్యల్పము. దెబ్బ తగిలిన వంగును, నేలబడిన సొట్టపోవును, పగులదు. పోత ఇనుములోనో, బొగ్గు నూటికి రెండు మొదలు నాలుగు పాళ్ళ వరకు ఉండును. ఆ బొగ్గు చలవ వలననే, శుద్ధమైన ఇనుము 1,538 డిగ్రీల వద్ద గాని కరుగకుండగా, ఇది సుమారు 1,200 డిగ్రీల వద్దనే నీరై అచ్చులోనికి పారును. ఆ బొగ్గే చల్లారునప్పుడు సన్నని రేకులుగా లోహమంతటను పేరుకొని, లాగుడునకును వంపునకును తాళలేని పెళుసుదనమును తెచ్చిపెట్టును. వరమును శాపమును ఒకే మూలము నుండి పుట్టినవి. కావున కమ్మరి పెంకను విసరి మూల పడవేసిన చేతులతో పోత పెంకను ముట్టరాదు.

దాని పోషణ మన ఇండ్లలో తెలియనిది కాదు. కొత్త పెంకను రెండు మూడు దినములు బియ్యపు కడుగునీళ్ళలో నానబెట్టి, పీచుతో తోమి, పొయ్యిపై తడి ఆర్చి, సగము కోసిన ఉల్లిగడ్డను నూనెలో ముంచి రుద్దుదురు. నూనె వేడికి ప్రాణవాయువుతో కలసి గట్టి పొరగా మారుటయే ఇందలి కిటుకు. అయితే అన్ని నూనెలకును ఈ గుణము సమానముగా లేదు. తెలంగాణపు వంటిండ్లలో ఒకప్పుడు ఏలిన కుసుమ నూనెయు, అవిసె నూనెయు త్వరగా ఆరి పొరకట్టునట్టివి. మన జనగామ చెలకలలో పండు ఆముదము ఆరని జాతి. దానిని బండి ఇరుసుకు ఉంచుడు, లేదా వానకాలమున వాడక దాచిన ఇనుమునకు తుప్పు పట్టకుండ పూయుడు. నూనె ఎంత పలుచనైన అంత మేలు. పూసినదంతయు మరల తుడిచివేసితిమా యను అనుమానము కలుగవలెను. రొట్టెల పెంకను, అట్ల పెంకను వేరుగా నుంచిన పెద్దల నియమమునకు కారణము కలదు: జొన్నరొట్టె పొడి వేడిమి ఆ పొరను కాల్చివేయును, అట్టు దానిని పెంచును. చింతపులుసు రెంటికిని శత్రువు.

ఇక ఆ పనివాని సంగతి. అతడు నన్ను పంపివేసెనే గాని, కోపము నన్ను అక్కడనే నిలిపినది. ఏలయన నా పోత ఇనుమును కాదన్న చేతులతోనే అతడు మరియొక పోత ఇనుమును బాగుచేయుచుండెను. అది ఒక రైతు తెచ్చిన మోటారు పంపు గుల్ల. మొదట పగులు చుట్టును కిరసనాయిలు రాసి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లెను. కొంతసేపటికి పగులులో దాగిన కిరసనాయిలు ఊరి, ఆ తెల్లదనముపై వెండ్రుకంత తడి గీత తేలెను. కంటికి కనిపించిన పగులు కంటె ఆ గీత అంగుళము పొడవు. దాని రెండు కొనలయందును డ్రిల్లుతో సన్నని రంధ్రములు వేసెను. పగులు కొన వాడిగా నున్నంత కాలము బలమంతయు అక్కడ చేరి దానిని ముందునకు నెట్టును. గుండ్రని రంధ్రమున ఆ వాడి పోవును. పిమ్మట పగులు వెంబడి చాలు తీసి, పిడకల మంటపై గుల్లనంతయు నెమ్మదిగా కాచి, వెలిగారము చల్లి, గ్యాసు మంటతో ఇత్తడి పుల్లను కరిగించి ఆ చాలు నింపెను. ఇనుము కరుగలేదు; ఇత్తడియే కరిగి పట్టుకొనెను. ఇనుమునే కరిగించి అతికినచో, చుట్టునున్న చల్లని లోహము ఆ వేడిని గుంజుకొనగా, అతుకు ప్రక్కనే మునుపటి కంటె పెళుసైన తెల్లని ఇనుము ఏర్పడును. పని ముగిసిన పిదప అతడు నీళ్ళు చల్లలేదు, గాలియైనను తగులనీయలేదు; గుల్లను వేడి బూడిదలో పూడ్చి, "రేపు పొద్దుగాల రాండ్రి" అని రైతును పంపివేసెను. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో, పారసీక వర్తకులు వచ్చి కొనిపోయిన ఉక్కును గూర్చి వాయిసీ అను ఆంగ్లేయుడు వ్రాసిన వర్ణనము 1832లో అచ్చయినది. మూసలలో కరిగిన ఉక్కు బిళ్ళలను మట్టి కప్పి, మరల మరల కాచి, నింపాదిగా చల్లార్చిన వృత్తాంతము అందును కలదు. ఇనుమును కాచుట ఎవ్వరైనను నేర్తురు, చల్లార్చుటయే విద్య.

పంపు గుల్లకు నిలుచు అతుకు పెంకకు ఏల నిలువదు? గుల్ల తన ఆయుష్షంతయు చల్లని నీటితో గడుపును. పెంక దినదినము నిప్పు నెక్కి దిగును. ఒకే వేడికి ఇత్తడి పోత ఇనుము కంటె ఒకటిన్నర రెట్లకు మించి సాగును గనుక, పొయ్యి వెలిగించిన ప్రతిమారును అతుకొక వైపు, ఇనుమొక వైపు గుంజుకొనక తప్పదు. అదియును గాక, కళాయి లేని ఇత్తడిలో పులుసు కాచరాదని ఎరుగని ఇల్లు లేదు. పోనీ, ఆ ఇత్తడి గీతకు కళాయి వేయింతమన్న, కళాయికి వాడు తగరము 232 డిగ్రీలకే కరుగును. రొట్టెల పెంక అంతకు మించి కాగును. పెంబర్తి ఇత్తడి నాకు నేర్పిన ధర్మము ఇచ్చట ఇత్తడి చేతనే ఓడిపోయినది.

ఈ ఓటమిని నెమరువేయుచు రైలు స్టేషను మీదుగా నడచుచుండగా, చాలకాలముగా మరచిన మాట యొకటి జ్ఞప్తికి వచ్చెను. నిజాము రైలు వాడి యను ఊరి నుండి సికిందరాబాదునకు 1874లో వచ్చి, 1886లో వరంగల్లునకును, 1889లో బెజవాడకును సాగినది. నా చిన్ననాట భారతీయ రైలు మార్గములందు 'సి.ఎస్.టి. తొమ్మిది' అను పోత ఇనుప స్లీపర్లు విస్తారముగా నుండెడివి: ఒక్కొక్క పట్టా క్రింద ఒక పోత పలక, రెండు పలకలను కలుపుచు నడుమ ఒక ఇనుప బద్ద, పట్టాను బిగించి పట్టుటకు కీలు. చెదలు తినవు, నిప్పంటదు, కొయ్యకు పట్టు కుళ్ళు వానికి పట్టదు. కీమ్యాను భుజమున సుత్తి నిడుకొని, ఎండలో మైళ్ళ దూరము నడచుచు, వదులైన కీలను కొట్టి బిగించుచు పోవుచుండగా ఆ చప్పుడు ఊరిలోనికి వినవచ్చుచుండెను. కాని బండి యెన్నడైన పట్టా తప్పెనా, చక్రము తగిలిన పలకలన్నియు ముక్కలు ముక్కలయ్యెడివి. ఆ ముక్కలను యార్డు మూలన గుట్టగా పోసియుంచుటయు, పిల్లలము వానిపై నెక్కి ఆడుచు, పెద్దల నోట విన్న సర్కారు దుబారా మాటలను ఒప్పజెప్పుటయు నాకు జ్ఞాపకమే. ఒక్క పలకనైనను అతికించరేమని అడిగిన మాకు గ్యాంగు మేట్ చెప్పిన సమాధానము ఇది: "అతికిన పలక పట్టా కింద పెడితె బండిని దేవుడే కాయాలె బిడ్డా. గివి ఫౌండ్రీకి పోతయి, మల్ల పలకలై వస్తయి."

అతడు చెప్పినది రైలు ఇంజనీర్ల లెక్కయే. పోత ఇనుప స్లీపరుకు వారు చూపిన గొప్ప గుణములలో, విరిగిన పిదపయు దాని విలువ మిగులుటయు, మరల కరిగించి పోయవచ్చుటయు ఒకటి. ఫౌండ్రీ కుపోలా కొలిమిలో కోక్ బొగ్గు, సున్నపురాయి, దుక్క ఇనుములతో పాటు పాత పోత ఇనుప తుక్కును వేయుట నిత్యకృత్యము. నిన్న విరిగిన చక్రము రేపు పంపు గుల్లయై వెలువడును, నిన్నటి గుల్ల ఎల్లుండి పెంక కావచ్చును. తరువాత పట్టాలలో విద్యుత్తు పారించి సిగ్నళ్ళు నడుపు పద్ధతి వచ్చినది. ఒక పట్టా నుండి మరియొక పట్టాకు కరెంటును దాటించు పోత ఇనుము దానికి పనికిరాకపోయెను. కాంక్రీటు స్లీపర్లు వచ్చెను. విరిగిన కాంక్రీటు మాత్రము మరల స్లీపరు కానేరదు. దానిని గూర్చి నా అభిప్రాయమును మరియొక వారమునకు దాచుకొందును.

ఈ విచారము బయలుదేరిన చోటికి గాక మరియొక చోటికి నన్ను చేర్చినది. బాగుచేయుట యనగా వస్తువును దాని రూపమున నిలుపుట యని ఇన్నాళ్ళును ఈ శీర్షికలో వాదించుచు వచ్చితిని. పోత ఇనుము ఆ వాదమునకు లొంగదు. దానికి నిప్పు తగులని చోట అతుకు చాలును; కుట్టుమిషను కాలి చట్రము, గడ్డి కోయు యంత్రపు చక్రము, పంపు గుల్ల నిస్సందేహముగా అతికించుకొనుడు. నిప్పు నెక్కవలసిన దానికి కరిగి మరల పుట్టుటయే బాగుపాటు. ఆ భేదము నెరిగి కూలిని వదలుకొన్నవాడు పని ఎగవేసినవాడు కాడు, పనిని పూర్తిగా ఎరిగినవాడు. ఏ వస్తువు తెచ్చినను 'అయితది' యను పనివానిని నమ్మకుడు. ఏది కాదో ముందడిగి తెలిసికొని, అతడు ఔనన్న వస్తువును అతని చేతిలో పెట్టుడు.

పగిలిన పెంకను వీధిలో కేకవేయుచు వచ్చిన పాత సామాను వానికి తూచి ఇచ్చివేసితిని. వాడు ఇచ్చిన పైకము స్వల్పమే. అంత మాత్రము చేత చింతింపను. అదే తూకమునకు అల్యూమినియపు గిన్నెలున్నచో ఇంతకు ఎన్నో రెట్లు ముట్టునని వాడు చెప్పినప్పుడు మాత్రము, సంపాదకులు చేయించిన సంధిని తలచుకొని ఊరకుంటిని.