లక్షన్నర బాడీ, పదివేల వెలుగు

పోయిన నెల మా చెల్లెలి కొడుకు కాకినాడ నుంచి వచ్చాడు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఫోను తీసి నా చేతిలో పెట్టాడు.

"మావయ్యా, నా కెమెరా ఇంక పనికిరాదు. ఫుల్ ఫ్రేమ్ బాడీ కొందామనుకుంటున్నా. లక్షన్నర దాకా అవుతుంది. ఈఎంఐ పెట్టుకుంటా."

ఫోనులో వాడి స్నేహితుడి పెళ్లి ఫోటోలు. వాడిది ఎనిమిదేళ్లనాటి కానన్ డీఎస్ఎల్ఆర్, క్రాప్ సెన్సరుది. దాంతోపాటు పెట్టెలో వచ్చిన 18-55 కిట్ లెన్సు. ఆస్తి అంతే. ఉద్యోగం వేరే ఉంది. ఫోటోలు సరదాకి మొదలుపెట్టాడు కానీ, స్నేహితులందరికీ వరసగా పెళ్లిళ్లు కుదరడంతో సరదా కాస్తా సగం వృత్తి అయి కూచుంది.

నేనూ ముప్పై ఏళ్లుగా చుట్టాల పెళ్లిళ్లకి కెమెరా మెళ్లో వేసుకుని తిరిగినవాణ్ణే. డబ్బు తీసుకోను కాబట్టి నాకు ముట్టేవి తిట్లే. ఆ తిట్ల అనుభవంతో వాణ్ణి ఒకటే అడిగాను: "ఏ ఫోటోలో ఏం బాగాలేదో చెప్పరా. అప్పుడు ఏం కొనాలో చూద్దాం."

"అన్నీ బాగాలేవు మావయ్యా."

అలా అంటే కుదరదు. మూడు ఫోటోలు ఏరుకుని కూచున్నాం.

మొదటిది జీలకర్ర-బెల్లం. తెల్లవారుజామున మూడు దాటాక ముహూర్తం. అడ్డుతెర సగం దిగింది. పెళ్లికూతురి చెయ్యి పెళ్లికొడుకు నడినెత్తిన ఆనబోతోంది. పట్టాల్సిన క్షణాన్నే పట్టాడు కుర్రాడు. కానీ చెయ్యి మసగ్గా ఉంది, ముఖాల నిండా రవ్వ చల్లినట్టు గ్రెయిన్స్. వివరాలు తెరిచి చూస్తే షట్టర్ 1/30, ఎఫ్/5.6, ఐఎస్ఓ 6400 అని ఉంది. రోగం అక్కడే రాసి ఉంది. జూమ్ పూర్తిగా లాగాక ఆ లెన్సు కన్ను ఎఫ్/5.6 మించి తెరుచుకోదు. వెలుగు చాలక కెమెరా రెండు అప్పులు చేసింది. షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచడం ఒక అప్పు, ఐఎస్ఓ పెంచడం ఇంకో అప్పు. మొదటిదానికి వడ్డీ చెయ్యి మసక. రెండోదానికి వడ్డీ గ్రెయిన్స్.

కాగితం మీద లెక్క వేసి చూపించాను. 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు పది పన్నెండు వేలలో వస్తుంది. దాన్ని ఎఫ్/2 దగ్గర పెట్టినా ఎఫ్/5.6 కన్నా మూడు స్టాపులు ఎక్కువ, అంటే ఎనిమిది రెట్లు వెలుగు. అందులో రెండు స్టాపులు షట్టరుకిస్తే 1/30 కాస్తా 1/125 అవుతుంది, చెయ్యి నిలబడుతుంది. మిగిలిన స్టాపుతో ఐఎస్ఓ 3200కి దిగుతుంది. మరి వాడు కొంటానన్న బాడీ? ఫుల్ ఫ్రేమ్ సెన్సరు వైశాల్యం వాడి సెన్సరుకి సుమారు రెండున్నర రెట్లు. గ్రెయిన్స్ విషయంలో దానివల్ల వచ్చే లాభం ఒకటిన్నర స్టాపు లోపే. పైగా ఆ బాడీలతో కలిపి అమ్మే చవక కిట్ లెన్సుల్లో జూమ్ లాగితే ఎఫ్/7.1కి పడిపోయేవి ఉన్నాయి. అలాంటిది తగిలితే ఆ వచ్చిన లాభంలో దాదాపు సగం అక్కడే పోతుంది. లక్షన్నర పెట్టి ఒక స్టాపా, పదివేలు పెట్టి మూడు స్టాపులా?

వాడి ముఖం వెలిగింది. వెంటనే కొంచెం ఆర్పాల్సి వచ్చింది. ఎందుకంటే 50 కూడా దేవుడేం కాదు. వాడి కెమెరా మీద అది 80 మి.మీ. లెన్సులా చూస్తుంది. మండపం మొత్తం రావాలంటే వెనక్కి నడిచి నడిచి వంటశాలలో తేలాలి. రెండు మీటర్ల దూరంలో ఎఫ్/2 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు పన్నెండు సెంటీమీటర్ల చుట్టుపక్కల, జానెడు కూడా కాదు. పెళ్లికూతురి కంటికి ఫోకస్ పెడితే పక్కన అరడుగు వెనక కూచున్న పెళ్లికొడుకు మబ్బులో కూచున్నట్టు వస్తాడు. పెళ్లికూతురి తరఫువాళ్లకి అభ్యంతరం ఉండదు. అవతలివాళ్లకి ఉంటుంది.

రెండోది పంక్తి భోజనాల ఫోటో. కెమెరా నెత్తిమీద లేచే చిన్న ఫ్లాష్ వేసి తీశాడు. మొదటి ఆకు ముందు కూచున్న పెద్దాయన సున్నం కొట్టిన గోడలా ఉన్నాడు. నాలుగో ఆకు దగ్గరికొచ్చేసరికి మనుషులు చీకట్లో కలిసిపోయారు. ఇదీ కెమెరా తప్పు కాదు, వెలుగు స్వభావం. దూరం రెట్టింపయితే వెలుగు పావు వంతవుతుంది. మొదటాయన ఒక మీటరులో, చివరాయన నాలుగు మీటర్లలో ఉంటే, చివరాయనకి దక్కేది పదహారో వంతు. ఎన్ని లక్షల బాడీ కొన్నా ఈ పదహారో వంతు మారదు. దీనికి మందు మెడ తిరిగే ఫ్లాష్. దాని మూతిని తెల్లటి సీలింగ్ వైపు తిప్పి కొడితే, సీలింగే పెద్ద దీపమై పంక్తి మొత్తానికీ ఇంచుమించు సమంగా వడ్డిస్తుంది. మాన్యువల్ ఫ్లాష్ ఐదారు వేలకి దొరుకుతుంది.

ఈ విద్య నేర్చుకున్న కొత్తలో నేను చేసిన ఘనకార్యం కూడా వాడికి చెప్పాను. కోనసీమలో పెదనాన్న మనవరాలి పెళ్లి. ఇంటిముందు షామియానా. కొత్త ఫ్లాష్ కొన్న ఉత్సాహంలో ప్రతి ఫోటోకీ మూతి పైకి తిప్పి కొట్టాను. పైన ఉన్నది పసుపు షామియానా అన్న సంగతి పట్టించుకోలేదు. ఆల్బమ్‌లో పెళ్లివారంతా పచ్చకామెర్ల వార్డులో దిగినట్టు వచ్చారు. ఇప్పటికీ పెదనాన్న నన్ను చూస్తే "ఏరా, మందు ఏదైనా తెచ్చావా?" అంటాడు. ఫ్లాష్ ఏ రంగుకి తగిలితే ఆ రంగునే మోసుకొస్తుంది.

మూడోది తలంబ్రాలు. బియ్యపు గింజలన్నీ గాల్లో గీతలై సాగాయి. గింజ గింజగా ఆగి కనపడాలంటే ఖరీదైన షట్టరు కావాలని వాడి నమ్మకం. నిజానికి ఫ్లాష్ ఉన్నప్పుడు ఆపేది షట్టరు కాదు, మెరుపు. హాలు వెలుగును కెమెరాలో రెండు స్టాపులు తగ్గించి, ఫ్లాష్‌ని దగ్గరగా పెట్టి తక్కువ శక్తిలో కొడితే ఆ మెరుపు సెకనులో కొన్ని వేలవ వంతే ఉంటుంది. కెమెరా 1/200 దగ్గరే ఉన్నా గింజ గాల్లో నిలిచిపోతుంది. పాలచుక్క పడి కిరీటంలా లేచిన ఆ ప్రసిద్ధమైన ఫోటోని ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ 1957లో తీసింది ఇలాంటి పొట్టి మెరుపుతోనే. అదే 1957లో మన 'మాయాబజార్' వచ్చింది. నౌకా విహారంలోని వెన్నెల ఆకాశంలోంచి దిగింది కాదు. వెలుగునీ నీడనీ మలిచి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే కట్టిన వెన్నెల. ఆయన కెమెరా ఏ కంపెనీదో మనలో ఎవరం అడగలేదు. ఆ వెన్నెలను మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

"అయితే బాడీ ఎప్పటికీ కొనొద్దంటావా?" అన్నాడు వాడు, కాస్త ఉడుక్కుంటూ.

అలా అంటే అబద్ధమాడినట్టే. రాత్రి హాల్లో ఫోకస్ పట్టక లెన్సు ముందుకీ వెనక్కీ గుయ్యిమని తిరుగుతుంటే, అది మంచి లెన్సుతో కొంత తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. కంటిని వెతికి పట్టుకుని వదలని కొత్త బాడీల ఫోకస్ నిజంగా గొప్ప సుఖం. వీడియో అడిగేవాళ్లు ఎక్కువైతే పాత బాడీ చాలదు. అన్నిటికన్నా ముఖ్యం, డబ్బు తీసుకుని పెళ్లి తీసేవాడికి రెండు కార్డులు పట్టే బాడీ ఉండాలి. ముహూర్తం మళ్లీ రాదు. ఒక్క కార్డుతో తీసి, అది చచ్చిపోయి, పెళ్లికూతురి తండ్రి ముందు తలవంచుకుని నిలబడ్డ రాత్రి నాకు ఇంకా గుర్తుంది. ఆ రోజు డబ్బు తీసుకోలేదు కాబట్టి బతికిపోయాను. వాడు తీసుకుంటున్నాడు. కాబట్టి బాడీ కొనాల్సిన రోజు వాడికీ వస్తుంది. ఆ రోజుకి దేనికోసం కొంటున్నాడో వాడికి తెలిసి ఉండాలి, అంతే.

లెన్సులో ఇంకో సుగుణం ఉంది. అది మనతో పాటు ముందుకొస్తుంది. కానన్ ఈఎఫ్ మౌంట్ 1987 నాటిది. 2018లో ఆర్ఎఫ్ మౌంట్ వచ్చినా, అడాప్టర్ వేస్తే పాత ఈఎఫ్ లెన్సులు ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తున్నాయి. వాడు ఇవాళ కొనే 50 రేపటి ఫుల్ ఫ్రేమ్ మీద కూడా ఎక్కుతుంది. అదే వాడి 18-55 క్రాప్ సెన్సరు కోసం చేసింది. ఫుల్ ఫ్రేమ్ మీదికి తెచ్చినా సెన్సరులో నడిమి ముక్కే వాడుకోవాలి. అన్ని కంపెనీల సంగతీ ఇలా ఉండదు. నికాన్‌లో లోపల మోటారు లేని పాత లెన్సులు చిన్న డీఎస్ఎల్ఆర్‌ల మీద ఆటోఫోకస్ చెయ్యవు, చేత్తో తిప్పుకోవాల్సిందే. కొనేముందు ఈ ఒక్క ప్రశ్న అడగాలి.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంకో పని చెప్పాను. లెన్సు వెనక నుంచి ఫోను టార్చి కొట్టి ముందు నుంచి చూడమన్నాను. కాకినాడ లాంటి సముద్రపుగాలి ఊళ్లలో బీరువాలో దాచిన లెన్సు లోపల సాలెగూడులా ఫంగస్ అల్లుకుంటుంది. పైన అద్దం మెరుస్తూనే ఉంటుంది. అలాంటిది సగం ధరకిచ్చినా తీసుకోకూడదు. అసలు ముందు ఒకరోజు అద్దెకు తెచ్చి వాడు, తర్వాత కొను అన్నాను.

వాడు విన్నట్టే తలూపి వెళ్లాడు. తలూపడానికీ వినడానికీ ఉన్న దూరం నాకు తెలుసు కాబట్టి నేనేం ఆశ పెట్టుకోలేదు.

మొన్న రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. లెన్సు ఇంకా కొనలేదట, అద్దెకు తెచ్చాడట. ఫ్లాష్ మాత్రం కొన్నాడట. సంగతులన్నీ అయ్యాక గొంతు తగ్గించి అడిగాడు.

"మావయ్యా, పోయినేడు రాజమండ్రిలో పిన్నివాళ్ల అబ్బాయి పెళ్లికి నువ్వు వెళ్లావు కదా. ఎల్లుండి నాకు ఆ హాల్లోనే పెళ్లి. దాని సీలింగ్ ఏ రంగు?"

"తెలుపే. కానీ బాగా ఎత్తురా."

అవతల కాసేపు మాట లేదు. లెక్క వేసుకుంటున్నట్టున్నాడు.